గిన్నెలో నీళ్ళు ఎవరు పోశారు

“ఇంగ్లీషు పేపరైతే పరుచు. కన్నడ పేపరు మాత్రం వద్దు,” అంటూ మా అత్త భాగీరథమ్మ నా చేతిలోంచి కాగితాలు లాక్కుంది.

“ఏమమ్మా, ఇంగ్లీషు పేపరు మీద పోస్తే వాసన రాదా?” అన్నాడు మా ఆయన మోహన్‌కుమార్, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ.

“కన్నడ పేపర్లో దినామూ ఏదో ఒక దేవుడి పటం వేస్తారప్పా. మొన్న శివరాత్రికి వేసిన పటాన్నే నీ పెండ్లాం తెచ్చి నేల మీద పరిచింది. ఇది పోయి సరిగ్గా జడల మీదే కూసున్నింది.”

“అది చూసుకోలేదవ్వా,” అంది చిన్ని. ఎనిమిదేళ్ళ నా కూతురు. కుక్కపిల్ల తనది కాబట్టి దాని వకాలత్తూ తనదే.

అప్పటికి ఆ వాదన మొదలై మూడు రోజులు. పరిచిన పేపరు మీద పోయడం అలవాటు చేస్తే ఇల్లంతా తడపదని మోహన్ స్నేహితుడెవరో చెప్పాడు. ఏ పేపరు పరవాలన్న దగ్గర మా ఇల్లు ఆగిపోయింది. ఆ మూడు రోజులూ కుక్కపిల్ల ఏ భాషనూ పట్టించుకోకుండా వట్టి నేల మీదే కానిచ్చింది.

తొంభై తొమ్మిది వేసవి అది. కాటన్‌పేటలో మా మామగారు తిమ్మరాయప్పకు దుప్పట్లూ తువ్వాళ్ళూ టోకుగా అమ్మే షాపు ఉండేది. కింద షాపు, దాని వెనక గోడౌను, మధ్య అంతస్తులో మేము, పైన మిద్దె. శివరాత్రికి రెండు రోజుల ముందు వైట్‌ఫీల్డ్ నుంచి పాత గిరాకీ ఒకాయన వచ్చి, అట్టపెట్టెలో తెచ్చిన రెండు నెలల కుక్కపిల్లను చిన్ని ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. ఆడది. వేయించిన బొంబాయి రవ్వ రంగులో ఉందని చిన్ని దానికి రవ్వ అని పేరు పెట్టింది.

మామగారు మొదటి రోజే తన మాట చెప్పేశారు.

“కరగ పండగకు చుట్టాలంతా వస్తారు. ఆ లోపల ఇది పద్ధతి నేర్చుకుంటే ఉంటాది. లేకుంటే ఆనేకల్ తోటకు పంపిస్తా. ఆడ ఎంతసేపు పోసుకున్నా అడిగేవాళ్ళు లేరు.”

ఆనేకల్ దగ్గర మామగారి తమ్ముడికి తోట ఉంది. అంతకు ముందు మా ఇంటి నుంచి రెండు కుక్కలు అక్కడికి వెళ్ళాయి. తోట గేటు దాటితే లారీలు పోయే రోడ్డు. రెండూ ఏడాది తిరక్కుండానే ఆ రోడ్డు మీద పోయాయి. పెద్దవాళ్ళు ఆ సంగతి చిన్నికి చెప్పలేదు. చిన్నికి తెలుసు. ఆ రాత్రి అన్నం తినకుండా రవ్వను పక్కలో పెట్టుకుని పడుకుంది.

శివరాత్రి నుంచి, ఉగాది దాటాక పున్నమికి వచ్చే కరగకు ఆరు వారాలు. నేను పట్టుదలగా మొదలుపెట్టాను. రవ్వ నిద్ర లేవగానే, తినగానే, ఆడి అలిసిపోగానే, అది కాక గంటకోసారి, మిద్దె మీదికి ఎత్తుకెళ్ళేదాన్ని. అక్కడ నాలుగు చుక్కలు పోసేది. కిందికి తెచ్చిన ఐదు నిమిషాలకు మంచం కింద మరో నాలుగు చుక్కలు. మూడు వారాలు మెట్లెక్కి దిగితే నా మోకాళ్ళకు తెలిసింది గానీ దానికేమీ తెలియలేదు.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పేవారు. పాలు ఎక్కువయ్యాయని పనిమనిషి మునివెంకటమ్మ. గారాబం ఎక్కువయిందని మోహన్. “నీళ్ళు పోస్తేనే కదా అది పోసేది, తగ్గించు,” అని మామగారు. అత్త మాత్రం “వేడి చేసిండాది,” అనేది. ఆమె లెక్కలో మనిషికైనా పశువుకైనా ఉన్నది ఒకటే జబ్బు, వేడి చేయడం. తనకూ అదే ఉందని రోజూ తెల్లవారుజామున సబ్జా గింజలు నానిన నీళ్ళు ఒక గ్లాసు తాగేది. ఆ గ్లాసు తప్ప షాపు మూసేదాకా ఆమె మళ్ళీ నీళ్ళ జోలికి పోయేది కాదు. పదేళ్ళు ఒకే వంటింట్లో మసలినా నాకు ఆ సంగతి కంటికి ఆనలేదు.

నాకు మామగారి మాటే సబబుగా తోచింది. సాయంత్రం ఆరు దాటాక రవ్వ నీళ్ళ గిన్నె బోర్లించేయడం మొదలుపెట్టాను.

మరునాడు పొద్దున లేచి చూస్తే గిన్నె బోర్లా లేదు. అంచు దాకా నీళ్ళున్నాయి. దాని చుట్టూ మూడు తడి మరకలు.

తను కాదని చిన్ని ఒట్టు పెట్టింది. మోహన్‌కు గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలియదు. మునివెంకటమ్మ వచ్చేది ఏడింటికి. మామగారు నీళ్ళు తగ్గించమన్న మనిషే. ఇక మిగిలింది ఒక్కరే. నేను అడగలేదు. ఆమె కాదంటే నేను నమ్మను, అవునంటే ఇంట్లో పెద్ద రభస. మళ్ళీ సాయంత్రం గిన్నె బోర్లించాను. మళ్ళీ పొద్దునకు నిండింది. నాలుగు రోజులు అదే వరస.

అప్పటి నుంచి అత్త చేసే ప్రతి పనినీ పక్కకు నిలబడి చూడటం మొదలుపెట్టాను. రవ్వ దగ్గరికొస్తే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునే మనిషి, దాన్ని పేరు పెట్టి కూడా పిలవని మనిషి, అది నేల తడిపిన మరుక్షణం ఎక్కడున్నా వచ్చేసేది. “నువ్వు లెయ్, నేను తుడుస్తా,” అని నన్ను పక్కకు నెట్టేది. షాపులో చిరుగు వచ్చిన తెల్ల తువ్వాళ్ళు ముక్కలు చేసి పెట్టుకుంది. తుడిచిన ముక్కను పారేయకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి తిప్పి చూసేది. ఎన్నిసార్లు తడిపిందో మామగారికి చూపించడానికి సాక్ష్యాలు కూడబెడుతోందని నేను అనుకున్నాను.

దానికి తోడు ఇంకొకటి. దేవుడి గూటి ముందు గడప దగ్గర ఎప్పుడు చూసినా తడి. ఒకరోజు రవ్వ రెండు గంటలుగా నాతో మిద్దె మీదే ఉంది. దిగి వచ్చేసరికి గడప దగ్గర అప్పుడే చల్లిన తడి. వంగి వాసన చూశాను. ముక్కు పుటాలు మండాయి. చిన్న కుక్కపిల్ల పోసినదానికి అంత ఘాటు ఎక్కడిది?

“మీ అమ్మే పోస్తున్నారు,” అన్నాను మోహన్‌తో.

దువ్వెన ఆగింది. “ఏం పోస్తోంది?”

“అది నాకు తెలీదు. కుక్క లేని చోట తడి ఎలా వస్తుంది? బోర్లించిన గిన్నెలో నీళ్ళు ఎవరు పోస్తున్నారు? కరగ లోపల దాన్ని తోటకు తోలేయాలని చూస్తున్నారు.”

“మా అమ్మకు అంత రాజకీయం వచ్చుంటే మా నాయన షాపు ఎప్పుడో ఆమె చేతిలో ఉండేది.”

“నవ్వకండి.”

“సరే సహనా, నవ్వను. పట్టుకో మరి.”

పట్టుకున్నాను. ఉగాది వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం. మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతూ, రవ్వను నీళ్ళ ట్యాంకు నీడలో కట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చేయకుండా మెట్లు దిగాను. అత్త గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో పాత తలనూనె సీసా. అందులోంచి అరచేతిలోకి వంపుకుని వేళ్ళతో నేల మీద చల్లుతోంది.

“ఏంటత్తా అది?”

ఆమె ఉలిక్కిపడలేదు. ముందు మూత బిగించింది. తర్వాత నన్ను చూసింది.

“పంచితం. ఆవుది. పెద్దమునియప్ప ఇంటి కాడ ఆవు ఉండాది గదా, మునివెంకటమ్మతో తెప్పించుకుంటాండా.”

“ఎందుకు?”

“ఎందుకేమి? దేవుడి ముందర కుక్క పోస్తే మైల గాదా? నువ్వు సబ్బు పెట్టి కడిగితే కంపు పోతాది. మైల యాడికి పోతాది?”

“మరి దాచిపెట్టి చల్లడం దేనికి?”

“చెప్తే నీ మొగుడు నవ్వుతాడు. నువ్వు నవ్వవు, మూతి తిప్పుతావు. దాని కంటే ఇట్ల మేలు.”

ఆ మాట నేను నమ్మలేదు. ఇంకేదో అడగబోయేంతలో మెట్ల మీద టకటకమని గోళ్ళ చప్పుడు. రవ్వ మెడ తాడులోంచి తల జార్చుకుని వచ్చేసింది. మా ఇద్దరినీ చూడను కూడా చూడలేదు. ముక్కు నేలకానించి వాసన పట్టుకుంటూ తిన్నగా గడప దగ్గరికి వెళ్ళి, అత్త చల్లిన చోటు చుట్టూ ఒక చుట్టు తిరిగి, సరిగ్గా నడిమధ్యన కూర్చుంది.

కూర్చున్న చోటు తడిసింది.

“చూశారా?” అన్నాను. “ఆ వాసనకే వస్తోంది. తన చోటు అనుకుంటోంది. మీరు చల్లేకొద్దీ అది పోస్తోంది, అది పోసేకొద్దీ మీరు చల్లుతున్నారు.”

అత్త చేతిలోని సీసా వైపు చూసుకుంది. “అంటే దానికి ఆవుదీ కుక్కదీ ఒకటేనా?”

“ఒకటే.”

“తెలివిమాలింది,” అంది. ఎవరినన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

గెలిచానన్న సంతోషం నాకు ఒక నిమిషం కూడా నిలవలేదు. అత్త కొంగులోంచి తెల్లగుడ్డ ముక్క తీసి, రవ్వ పోసిన చోట అద్ది, తుడవకుండా నా చేతికిచ్చింది.

“కిటికీ కాడికి పోయి చూడు.”

కుంకుమ చేయి కడిగిన నీళ్ళ రంగు. లేతగా, అంచుల్లో కొంచెం చిక్కగా.

“ఎప్పట్నుంచి?”

“ఉగాది ముందర్నుంచి. మొదట కొంచమే ఉన్నింది. దాన్ని చూడు, ఇంకా కూసోనే ఉండాది. రాదు. లేస్తాది, మళ్ళా కూసుంటాది. నాక్కుంటాది. వేడి అనుకొని సబ్జా నీళ్ళు కూడా పోసి చూస్తి, తగ్గలా. దానికి మంటమ్మే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమంటావు? కుక్కను తోలేదానికి మా అత్త కొత్త సాకు తెచ్చింది అంటావు. అనవా?”

అనేదాన్నే.

“గిన్నెలో నీళ్ళు కూడా మీరేనా?”

“నేనే. మంట ఉన్నదానికి నీళ్ళు ఆపుతారా ఎవరన్నా?”

చామరాజపేటలో ఒక పశువుల డాక్టరమ్మ ఉందని మోహన్ కనుక్కున్నాడు. ఫోన్ చేస్తే, వచ్చేటప్పుడు కుక్కపిల్ల ఒంటికి పోసింది కొంచెం శుభ్రమైన సీసాలో పట్టుకు రమ్మంది. ఎలా పట్టాలో చెప్పలేదు. నేను మిద్దె మీద గిన్నె పట్టుకుని అరగంట రవ్వ వెనక తిరిగాను. గిన్నె చూడగానే అది తిండి అనుకుని లేచి నిలబడి తోక ఊపేది. చివరకు అత్త వంటింట్లోంచి పొడుగు కాడ గుంటగరిటె తెచ్చింది. వేడినీళ్ళతో కడిగి, గోడ వారగా కూర్చుని, రవ్వ కూర్చున్న క్షణంలో వెనక నుంచి దోసె కింద అట్లకాడ తోసినట్టు తోసింది. రెండు చెంచాలు పడింది. ఆ గరిటె మళ్ళీ వంటింటి మొహం చూడలేదు.

ఆటోలో అత్త కూడా ఎక్కింది. రమ్మని నేను అడగలేదు.

డాక్టరమ్మ పేరు ఫర్హానా. మదనపల్లె అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. మా మాట వినగానే కన్నడం వదిలేసి తెలుగులోకి దిగింది.

“రోజుకు ఎన్నిసార్లు పోస్తోంది?”

నేను “చాలాసార్లు” అన్నాను.

“పొద్దున కాఫీ పొద్దు నుంచి మధ్యాన్నం అన్నం దాకా పది, పదకొండు,” అంది అత్త. “ఒక్కోసారి నాలుగు చుక్కలే. రెండు దినాల నుంచి పోసేటప్పుడు మూలుగుతాది.”

డాక్టరమ్మ రాసుకోవడం ఆపి ఆమె వైపు తిరిగింది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు.

“చూడండమ్మా, ఈ వయసు పిల్లలు మాటిమాటికీ పోస్తాయి. వాటికి పట్టి ఉంచుకునే శక్తి ఇంకా రాదు. అది జబ్బు కాదు. కానీ చుక్క చుక్కగా పోయడం, ముక్కడం, నాక్కోవడం, ఎరుపు కనపడటం, ఇవన్నీ కలిస్తే ఇన్‌ఫెక్షనే అయి ఉంటుంది. ఆడ పిల్లలకు ఇంకా తొందరగా వస్తుంది. ఇప్పటికి మందు రాస్తాను, శాంపిల్ చూసి సాయంత్రం ఫోన్ చేస్తాను. నీళ్ళు తగ్గించలేదు కదా?”

నేను తల దించుకున్నాను. “సాయంత్రం ఆరు తర్వాత...”

“నేను పోస్తా వచ్చినాను,” అంది అత్త.

“మంచి పని చేశారు. నీళ్ళు ఆపితే లోపలున్న చెడు బయటికి పోదు. పైకి పాకి మూత్రపిండాల దాకా పోతుంది. ఎంత తాగితే అంత మంచిది. పోయాలని వచ్చినప్పుడు ఆపకూడదు కూడా.”

డాక్టరమ్మ మందుల చీటీ రాస్తోంది. అత్త బల్ల మీదున్న రవ్వ వీపు మీద చేయి వేసింది. ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

“ఇట్లే చానా ఏండ్లు ఉంటే ఏమవుతాదమ్మా?”

“ఏళ్ళేమిటమ్మా? దీనికి మూడు నెలలే కదా.”

“సుమ్మనె, ఊరికే అడిగినా,” అంది అత్త.

సాయంత్రానికి ఇన్‌ఫెక్షనే అని ఫోన్ వచ్చింది. పద్నాలుగు రోజులు మాత్రలు, మధ్యలో ఆపకూడదు. అత్త మాత్రను రాగి సంగటి ముద్దలో దాచి, నెయ్యి అద్ది పెట్టేది. గడప దగ్గర సబ్బుతో రెండుసార్లు కడిగించింది. పంచితం సీసా మునివెంకటమ్మకు ఇచ్చేసి, దాని బదులు పసుపునీళ్ళు చల్లుకుంది. పసుపునీళ్ళను రవ్వ లెక్కచేయలేదు.

నాకు మాత్రం అత్తను గమనించే అలవాటు పోలేదు. పది రోజులు దొంగను చూసినట్టు చూసిన కళ్ళు అంత తొందరగా మారలేదు. కానీ ఇప్పుడు కనపడింది వేరు. ఒకరోజు పదకొండింటికి ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచింది. పొత్తికడుపు మీద చేయి పెట్టుకుని మెట్ల దాకా వెళ్ళింది. కింద గోడౌనులో పనివాడు నాగరాజూ మిగతా మనుషులూ మూటలు కడుతూ మాట్లాడుకోవడం వినపడింది. ఆమె వెనక్కి వచ్చేసింది. ఒంటి గంటకు మళ్ళీ అంతే.

మా ఇంట్లో మరుగుదొడ్లు రెండు. ఒకటి కింద, గోడౌను దాటి వెనక. రెండోది మా పెళ్ళికి కట్టించింది, మా గది లోపల. మా గది తలుపు పగలంతా మూసే ఉండేది. దుమ్ము రాకుండా అని నేనే మూసేదాన్ని. ఈ మధ్య రవ్వ దూరకుండా గొళ్ళెం కూడా పెడుతున్నాను.

ఆ మధ్యాహ్నం తలుపు బార్లా తీసి, మళ్ళీ మూసుకోకుండా కింద ఒక ఇటుక పెట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళాను. అత్త సంగటి ముద్ద చేస్తోంది.

“మీకు ఎన్నేళ్ళుగా అత్తా?”

“ఏమి ఎన్నేండ్లు?”

“మంట.”

ఆమె మాత్రను ముద్దలోకి బొటనవేలితో నొక్కింది. పైన కప్పింది. నున్నగా చేసింది.

“మోహను కడుపులో ఉన్నప్పట్నుంచి. వస్తాది, పోతాది. వేడి అనుకుంటి.”

“డాక్టరుకు చూపించుకోలేదా?”

“ఎట్ల చూపించుకునేది? మీ మామకు చెప్పల్ల. ఆయన ఆటో తెమ్మని షాపులో చెప్తాడు. ఆటో తెచ్చేవాడు అమ్మకేమి అంటాడు. అందరికీ ఏమని చెప్తావు?” నెయ్యి గిన్నె కోసం వెతికింది. “దీనికి సిగ్గు లేదు గాబట్టి దాని రోగం తెలిసింది.”

మా గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమె ఇటుకను చూసింది. చూసి, దాని పక్క నుంచి లోపలికి వెళ్ళింది.

కరగకు ముందు ఆదివారం. షాపు సెలవు కాబట్టి మధ్యాహ్నం అందరం ఒకేసారి భోజనానికి కూర్చున్నాం. అత్త వడ్డిస్తోంది. రవ్వ చిన్ని వెనక నేల మీద కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది.

“బుధవారం నుంచి చుట్టాలు దిగుతారు,” అన్నారు మామగారు. “కుక్క సంగతి ఏమి చేస్తారు?”

“నాలుగు రోజులుగా ఇంట్లో ఒక్క చుక్క పోయలేదు మామా,” అన్నాను. “మిద్దె మీదికే వెళ్తోంది.”

“నాలుగు దినాలు సరే. ఇంటి నిండా మనుషులు ఉన్నప్పుడు పోస్తే? పొద్దున ఆనేకల్ వ్యాను పోతాది, దాంట్లో పంపించేస్తే ఒక పని అయిపోతాది.”

చిన్ని నోట్లో ముద్ద అలాగే ఉంచుకుంది. మోహన్ తండ్రి వైపూ తల్లి వైపూ చూశాడు.

“అది యాడికీ పోదు,” అంది అత్త, చారు గరిటె తిప్పుతూ. గొంతు పెంచలేదు. “ఇంకా ఎనిమిది దినాలు మాత్ర వేయల్ల. తోటలో ఎవరు వేస్తారు?”

“మాత్రలు అయిపోయినాక—”

“అయిపోయినాక కూడా ఈడే ఉంటాది.” ఆయన అన్నంలో చారు పోసింది, మోహన్‌కు పోసింది, నాకు పోసింది. “ఇంకోటి. పండగ అయిన మరుసటి దినం నేను ఆస్పత్రికి పోతాండా. ఆడ డాక్టరమ్మ కాడికి. నాకు ఒంటికి పోయేటప్పుడు మంట, చానా ఏండ్లుగా. సహన తోడు వస్తాది. షాపులో ఎవరికీ చెప్పే పని లేదు. ఆటో నేనే పిలుచుకుంటా.”

మామగారి చేయి చారన్నంలో ఆగింది. భార్య వైపు చూసి, తర్వాత ఎక్కడ చూడాలో తెలియనట్టు నిద్రపోతున్న కుక్కపిల్ల వైపు చూశారు.

“ఎన్నేండ్లుగా?” అన్నారు.

“అది డాక్టరుకు చెప్తాలే,” అంది అత్త, చెంబులోంచి తన గ్లాసు నిండా నీళ్ళు పోసుకుంటూ.